మేనబావకు రక్తపరీక్ష

డాక్టర్ చదువుల ఎంట్రన్సుకు కూర్చునే పిల్లలకు బ్రాడీపేటలో జువాలజీ చెప్పడం నా ఉద్యోగం. జన్యుశాస్త్రం పాఠం మొదలుపెట్టానంటే పక్క సెక్షన్ పిల్లలు కూడా వచ్చి గోడవారగా నిలబడతారు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నమాటే. అందరూ ఆ పాఠాన్ని బఠానీ మొక్కలతో మొదలుపెడతారు, నేను మా ఇంటితో మొదలుపెడతాను. మా అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. ఎందుకు వినపడదో నాకు అక్షరంతో సహా తెలుసు.

మన చెవి లోపల కణానికీ కణానికీ మధ్య సన్నటి దారులుంటాయి. ఆ దారుల్ని కట్టేది ఒక ప్రోటీన్. దాన్ని ఎలా తయారుచేసుకోవాలో కణానికి చెప్పేది డీఎన్ఏ. అందులో రాత అంతా మూడేసి అక్షరాలు ఒక మాటగా ఉంటుంది. మా కుటుంబంలో ఒకచోట ఒక్క అక్షరం మారింది. మారేసరికి ఉండాల్సిన మాట పోయి, ‘ఇక్కడితో ఆపు’ అనే మాట తయారైంది. వాక్యం మొదట్లోనే చుక్క పెట్టేసినట్టు. కణం బుద్ధిగా అక్కడితో ఆపేస్తుంది, ప్రోటీన్ తయారవదు, దారి పడదు, చెవిదాకా వచ్చిన చప్పుడు మెదడుకు చేరదు. ఇంతే సంగతి. ఇందులో పాపమూ లేదు, శాపమూ లేదు. గ్రహణం రోజున నేను కూరగాయలు తరగడం వల్ల వచ్చింది అంతకంటే కాదు.

ఏ జన్యువుకైనా మన దగ్గర రెండు ప్రతులుంటాయి. అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది కాబట్టి చెడిన సంగతి ఎవరికీ తెలియదు. నా దగ్గర ఒక చెడ్డ ప్రతి ఉంది, మా ఆయన దగ్గర ఒకటి ఉంది. ఇద్దరికీ శుభ్రంగా వినపడుతుంది. అమ్మాయికి మాత్రం ఇద్దరి నుంచీ ఆ చెడ్డదే వచ్చింది. వేరువేరు ఇళ్ళలో పుట్టిన ఇద్దరికి సరిగ్గా ఒకే అక్షరం ఎలా మారిందని పిల్లలు అడుగుతారు. మా ఆయన మా మేనత్త కొడుకు. మా తాత దగ్గర్నుంచో నాయనమ్మ దగ్గర్నుంచో అది ఆ ఇంటికీ ఈ ఇంటికీ పంచి పెట్టినట్టు వచ్చింది.

అమ్మాయికి వినపడదని తేలిన రోజుల్లో మా అత్తగారు, అంటే నా సొంత మేనత్తే, ఇది మీ అమ్మ వైపు నుంచి వచ్చిందని తేల్చేసింది. మా వంశంలో అందరికీ పాము చెవులంది. కోడలి పుట్టింటి మీదికి నెట్టడం అత్తలందరూ చేసే పనే, కానీ నా పుట్టిల్లూ ఆవిడ పుట్టిల్లూ ఒకటే కాబట్టి, నెట్టడానికి ఆవిడకు మా అమ్మ ఒక్కతే దొరికింది. పెద్ద డాక్టరు దగ్గర పరీక్ష చేయించాక నేను గీతలు గీసి చూపించాను. మీ అబ్బాయికి మీ నుంచి, నాకు మా నాన్న నుంచి, మీ ఇద్దరికీ మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఆ గీతలన్నీ చూసి, మా నాన్న మహారాజు, ఆయన్ని ఇందులోకి లాగకు అంది. ఆ తరవాత మళ్ళీ మా అమ్మ ఊసెత్తలేదు. నాకు అదే చాలు.

అమ్మాయి పెద్దదైంది. బ్రాడీపేటలోనే ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ దాని చేతిమీదుగానే వెళతాయి. అలాంటిది ఒకరోజు తన పెళ్ళి సంగతి తనే తెచ్చింది. వాడరేవులో పడవల ఇంజన్లు బాగుచేసే అబ్బాయి. బడిలో తనకంటే పై తరగతి. అతనికీ వినపడదు. మా ఆయన నోటితో మాట్లాడటం తక్కువ గానీ అమ్మాయితో ఉన్నప్పుడు చేతులు ఆగవు. ఇద్దరూ ఒక పూటంతా చేతులు తిప్పుకుని, సాయంత్రానికి ఆయన నా దగ్గరికొచ్చి, కుర్రాడు బాగున్నాడు అన్నాడు. నాకూ నచ్చాడు. చిక్కంతా మా అన్నయ్య దగ్గర వచ్చింది.

అన్నయ్యది పర్చూరు వైపు, మిరప, పత్తి వ్యవసాయం. మేనకోడలంటే ప్రాణం పెడతాడు. దానితో మాట్లాడటానికి పెద్దయ్యాక సైగలు నేర్చుకున్నాడు, తప్పుల తడకే అయినా మానలేదు. సంగతి తెలిసి మమ్మల్ని రమ్మంటే వెళ్ళాం. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పక్కన పోస్తున్నారు. అమ్మాయి కూడా వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంది. నేను తుమ్ముతూ నిలబడి ఉంటే అన్నయ్య అసలు మాటకు వచ్చాడు.

“ఇద్దరికీ వినపడకపోతే పుట్టే పిల్లలకు ఎక్కణ్ణుంచి వినపడుద్దమ్మా? మావాడికి చేసుకుందాం. వాడి చెవులు బంగారంలా ఉన్నాయి. పిల్ల మన ఇంట్లోనే ఉంటది, మన కళ్ళ ముందరే ఉంటది.”

వదిన తలూపింది, పక్కనున్న చుట్టాలు తలూపారు. నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండింది. అన్నయ్య మనసులో ఇంకో బాధ కూడా ఉందని నాకు తెలుసు. అబ్బాయిది చర్చికి వెళ్ళే కుటుంబం, మనవాళ్ళు కారు. ఆ మాట పైకి అనలేక చెవుల మీద పెట్టాడు. దానికంటే నన్ను మండించింది ఆ లెక్క. వినపడనివాణ్ణి చేసుకుంటే పిల్లలకు వినపడదు, వినపడే మేనబావను చేసుకుంటే వినపడుతుంది. పైకి ఎంత సబబుగా ఉందో చూడండి. ఇలాంటి తప్పు చెయ్యడం మాలాగా తరాల తరబడి మేనరికాలు చేసుకున్నవాళ్ళకే చేతనవుతుంది. వాడరేవు అబ్బాయికి ఏ కారణంగా వినపడదో మనకు తెలియదు. వినికిడి చెడగొట్టే జన్యువులు చాలా ఉన్నాయి. అతనిది వేరే జన్యువైతే, అతని దగ్గర లేనిది మా అమ్మాయి ఇస్తుంది, అమ్మాయి దగ్గర లేనిది అతను ఇస్తాడు, పిల్లలందరికీ వినపడుతుంది. మా మేనల్లుడి సంగతి అలా కాదు. వాడు మా నాన్న మనవడు. బంగారంలాంటి ఆ చెవుల వెనక మా ఇంటి చెడ్డ ప్రతే దాగి ఉండొచ్చు.

అన్నయ్యకు పొలం భాషలో చెప్పాను. ఒకసారి విత్తనం కొనడం ఎందుకని, బ్రహ్మాండంగా కాసిన హైబ్రిడ్ మిరపలోనే మంచి కాయలు ఏరి విత్తనం కట్టాడు. మరుసటి ఏడు చేలో ఒక మొక్క నడుమెత్తు, ఒకటి మోకాలెత్తు, ఒక కాయ బారు, ఒకటి గిడస. ఆ గిడస కాయ ఎక్కణ్ణుంచి వచ్చింది, ముందు ఏడు చేలో ఒక్కటైనా కనపడిందా అని అడిగాను. కనపడలేదు, లోపల ఉంది. నీ కొడుకు లోపల ఏముందో చూడకుండా నా కూతుర్ని ఎలా ఇమ్మంటావు అన్నాను. మనుషులకూ మిరపకాయలకూ పోలికేంటని అన్నయ్య విసుక్కున్నాడు. పోలిక నేను పెట్టలేదు, రెంటిలోనూ ఉన్నది ఆ డీఎన్ఏనే, కావాలంటే దానితో పోట్లాడు అన్నాను.

మేనల్లుడు మంచివాడు. రక్తం ఇమ్మంటే మర్నాడే బండేసుకుని గుంటూరు వచ్చాడు. సూది గుచ్చించుకుంటూ, “అత్తా, ఏమీ లేదని వస్తే నన్ను ఇరికించవు గదా?” అన్నాడు. వాడికి అమ్మాయంటే ఇష్టం, తోడబుట్టినదాని మీద ఉండేలాంటి ఇష్టం. పెద్దవాళ్ళకు ఆ తేడా పట్టలేదు. ఫలితం కోసం కొన్ని వారాలు ఆగాల్సి వచ్చింది. నేను అనుకున్నట్టే అయింది. వాడి దగ్గరా అదే అక్షరం మారిన ప్రతి ఒకటి ఉంది.

అన్నయ్యను, వదినను కూర్చోబెట్టి చెప్పాను. వాడికి జబ్బేమీ లేదు, ఎప్పటికీ రాదు. పైవాళ్ళ పిల్లను, ఇలాంటి ప్రతి లేని పిల్లను చేసుకుంటే వాడి పిల్లలకు దీనివల్ల చెవుడు రాదు. మా అమ్మాయిని చేసుకుంటే మాత్రం ప్రతి కాన్పూ రూపాయి బిళ్ళ ఎగరేసినట్టే, బొమ్మా బొరుసూ. వాడరేవు అబ్బాయిని కాదని, వెతికి వెతికి తెచ్చిన సంబంధం ఇది. అన్నయ్య ఆ పరీక్ష కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గెలిచానని నాకు లోలోపల సంతోషంగానే ఉంది. చివరికి అన్నాడు, “సరేమ్మా, మావాడికి చేయించావు. మరి ఆ వాడరేవు అబ్బాయికి చేయించవా?”

న్యాయమైన మాట. చేయించక ఏం చేస్తాను అన్నాను. ఆ అబ్బాయికి పసితనంలో జ్వరం తగిలి చెవులు పోయాయని వాళ్ళింట్లో చెబుతారు. జ్వరం కథ లేని ఇల్లు ఉండదు, మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. పరీక్ష చేస్తే గానీ తెలియదు. అతనిదీ మా అమ్మాయిదీ ఒకే జన్యువైతే పుట్టే ప్రతి బిడ్డకూ వినపడదు. కాకపోతే వినపడుతుంది. అరుదైన కేసులు వదిలేస్తే మధ్యలో ఇంకేమీ లేదు. నాకు అలాంటి లెక్కలంటే ఇష్టం. ఆ అబ్బాయికి మెసేజ్ పెడితే సరేనన్నాడు. డాక్టరుతో రోజు కూడా మాట్లాడుకున్నాను.

నల్లపాడులో మా ఇంట్లో మాట్లాడాలంటే చేతిలో పని దించాలి. వంట చేస్తూ కబుర్లు చెప్పుకునే భోగం మాకు లేదు. ఆదివారం పొద్దున నేను వంకాయలు తరుగుతుంటే అమ్మాయి వచ్చి, నా ముందున్న కత్తిపీట లాగి పక్కన పెట్టి, స్టవ్ ఆపి, నా ఎదురుగా కూర్చుంది. పరీక్ష సంగతి అతను చెప్పాడంది. తర్వాత నేను అర్థం కానట్టు నటించడానికి వీల్లేకుండా, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

“మీ పెళ్ళికి ముందు నీకూ నాన్నకూ ఈ పరీక్ష చేసి ఉంటే, నేను పుట్టేదాన్నా?”

క్లాసులో ఎవరే ప్రశ్న అడిగినా నాకు తడుముకోవడం అలవాటు లేదు. దీనికీ జవాబు తెలుసు. దానితో నేను ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. లోకమంతా దాని వెనక మాట్లాడుకునేదే, ఇంట్లో మేము కూడా దాచకూడదని మా ఆయనా నేనూ అనుకున్నాం.

“లేదు,” అన్నాను. “నేను మీ నాన్నను చేసుకునేదాన్ని కాదు.”

అది తలూపింది. కోపం లేదు. “మరి నాలాంటిది పుట్టకుండా చూడటానికే కదా ఇప్పుడీ పరీక్ష?”

తెలుసుకోవడం వేరు, వద్దనుకోవడం వేరు అని చెప్పబోయాను. అది నిజమే, పుస్తకంలో ఉన్నమాటే. కానీ మేనల్లుడి ఫలితాన్ని నేను దేనికి వాడాను? వద్దనడానికే గదా. పిల్లలకు వినపడకపోవచ్చు అని అన్నయ్య ముందు చెప్పినప్పుడు, అంతకంటే పెద్ద నష్టం లేదన్నట్టే చెప్పాను. ఆ గదిలోనే అమ్మాయి కూడా ఉంది. నా పెదాలు చదవడం దానికి పసితనం నుంచీ వచ్చిన విద్య. ఇది తట్టేసరికి నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. అది లేచి స్టవ్ వెలిగించి, వంకాయలు తనే తరిగింది.

మధ్యాహ్నం డాక్టరుకు ఫోన్ చేసి మేము రావడం లేదని చెప్పాను. జన్యుశాస్త్రం మీద నాకు నమ్మకం పోయిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. రేపు వాళ్ళిద్దరూ వచ్చి మాకు తెలుసుకోవాలనుంది అంటే దగ్గరుండి తీసుకెళతాను. కానీ అడగాల్సింది వాళ్ళు, నేనూ మా అన్నయ్యా కాదు. ఈ మాట అన్నయ్యకు చెబితే, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అని ఫోన్ పెట్టేశాడు. పెట్టేసినవాడు మళ్ళీ చేసి, మాటలకు ఎప్పుడు వెళుతున్నారు, మేనమామ లేకుండా వెళతారా అని అడిగాడు.

వాడరేవులో వాళ్ళ ఇల్లు రోడ్డుకు దగ్గరే. గాలిలో ఎండుచేపల వాసన. అన్నయ్య బిగుసుకుని కుర్చీలో కూర్చున్నాడు గానీ, టీ ఇస్తే తాగాడు. పిల్లలిద్దరూ గుమ్మం దగ్గర నిలబడి చేతులతో ఏదో పోట్లాడుకుంటున్నారు. అబ్బాయి తల్లి ఒకటికి రెండుసార్లు ఏదో అడగబోయి ఆగింది. చివరికి నా పక్కకు జరిగి అడిగింది.

“మా వోడికి జొరం వచ్చి పోయినయ్యండి చెవులు. మీరు చదువుకున్నోళ్ళు, ఇయ్యన్నీ చెప్పేవోళ్ళంట. రేపు వీళ్ళకి పుట్టే బిడ్డలకి వినపడుద్దంటారా, మేడం గారూ?”

గదిలో అందరూ నా వైపు చూశారు. అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. అమ్మాయి పోట్లాట ఆపి నా పెదాల వైపు చూసింది. అందుకని నేను ఆ మాటను నోటితోనూ చేతులతోనూ కలిపి చెప్పాను.

“తెలియదండి. నా కూతురిలాంటిది పుడితే మాత్రం నాకు ఇష్టమే.”