ఆకుపచ్చ చీటీలు నిండుకున్న గది

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఏటా జరుపుకొనే ఆ రెండు రోజుల సదస్సులో ఎవరెంత బాగా మాట్లాడారో తేల్చేది వేదిక మీది పెద్దలు కాదు, మెట్ల కింది ఇరుకు గదిలో కూర్చునే చీటీలక్కయ్య. ఆమె అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇరవై రెండేళ్లు ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం చేసి, విరమించాక ఈ పనిలో కుదురుకుంది. మాత్రల అట్ట కానీ, బస్సు టిక్కెట్టు కానీ, వెనక్కి తిప్పి చదవనిదే ఆమెకు తోచదు.

"మా వదిన అద్దంలో ముఖం చూసుకోవాలన్నా ముందు అద్దం వెనకే చూస్తుంది" అని మరిది ఆటపట్టిస్తాడు.

"మేకు ఊడితే పడేది నీ నెత్తి మీదే నాయనా" అంటుందామె.

సదస్సు పద్ధతి సులువైనదే. ప్రతి గది గుమ్మం దగ్గరా మూడు రంగుల చీటీలు, రంగుకు యాభై చొప్పున, పళ్లెంలో పెడతారు. ప్రసంగం నచ్చితే ఆకుపచ్చ, ఫరవాలేదనిపిస్తే పసుపు, నచ్చకుంటే ఎరుపు చీటీ పెట్టెలో వేసి వెళ్లాలి. వెనక ఏమైనా రాయవచ్చు. రాసినవి చదివేది మాత్రం ఆమె ఒక్కతే. వచ్చిన చీటీల్లో సగానికి మించి ఆకుపచ్చవైతే ఆ వక్తకు మరుసటి ఏడు పెద్ద హాలు ఇస్తారు. కాకుంటే మళ్లీ పిలవరు.

ఈసారి మూడో గదిలో, ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసే ఒక బక్కపలుచని మనిషి తొలిసారి మాట్లాడాడు. తన పొరపాటు వల్ల ఒక రోగి పరీక్షాఫలితం మరొకరి పేరున కనిపించిన వైనాన్ని దాపరికం లేకుండా చెప్పుకొన్నాడు. పెట్టెలో ఆకుపచ్చవి యాభై, పసుపువి యాభై, ఎరుపువి ఇరవై ఎనిమిది తేలాయి. నియమం ప్రకారం ఆయన పేరు కొట్టివేయాలి. ఐదింటికి జాబితా ఖరారు.

అక్కయ్య ఎర్రచీటీ ఒకటి తిప్పింది. "ఇంత నిజాయతీగా మాట్లాడినవారిని ఇక్కడ వినలేదు" అని ఉంది. ఇంకొకటి తిప్పింది. "పచ్చవి అయిపోయాయి, దీన్నే పచ్చ అనుకోండి."

మిగతావీ తిప్పి చదివి, కట్టలన్నీ చంకన పెట్టుకొని కార్యదర్శి గదికి నడిచింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కయ్యా? మాట్లాడినాయనే ఏమీ అడగలేదుగా" అన్నాడు కార్యదర్శి, జాబితా మీంచి తల ఎత్తకుండానే.

"ఆయనకు తెలియదు కాబట్టి అడగలేదు. మీకు తెలిసేలా నేను చెబుతున్నాను. గదిలో ఎంతమంది ఉన్నారు?"

"నూట ముప్ఫై దాకా. నిలబడి కూడా విన్నారట."

"పళ్లెంలో పచ్చచీటీలెన్ని?"

"యాభై."

"సగం దాటాలంటే అరవై ఐదు కావాలి. మరి తక్కువైన పదిహేనూ ఆయన ఇంటినుంచి తెచ్చుకోవాలా? జనం పెరిగినకొద్దీ ఓడిపోయే పందెం పెట్టాం మనం."

కార్యదర్శి తల ఎత్తాడు. "మిగతా గదుల్లో?"

"అన్నిచోట్లా పచ్చవి మిగిలాయి, చూసే వచ్చాను. ఈ నలభై ఒక్కటీ చదవండి. పసుపైనా ఎరుపైనా వెనక మెప్పే ఉంది."

ఆయన నాలుగు చదివాడు, ఐదోది పైకి చదివాడు, ఆపైన చదవడం మాని కలం తీశాడు.

"పప్పులో కాలేశాం. వచ్చే ఏడు రంగుకు రెండు వందలు పెట్టిద్దాం" అంటూ పెద్ద హాలు వరుసలో ఆ పేరు రాశాడు.

ఆరింటికి, సంచి భుజాన వేసుకొని, ఆ బక్కపలుచని మనిషి మెట్ల కింది గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకు పచ్చవాటికన్నా పసుపు, ఎర్రచీటీలే ఎక్కువ వచ్చాయటండీ. ఎక్కడ తప్పిందో చూసుకుందామని..."

అక్కయ్య కట్ట ఆయన చేతిలో పెట్టింది. "వెనక చదువుకోండి. కానీ తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయని ఎనిమిదిమంది రాశారు, అది మాత్రం నిజం. వచ్చే ఏడు పెద్ద హాల్లో చివరి వరుసకు కూడా కనబడాలి, ఇంతింత చేయండి" అని, చేతులు రెండూ చాచి చూపించింది.