ఆరో హెక్సేన్

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదని నాకు గట్టి నమ్మకం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా అప్పుడే చేతికొచ్చింది మరి. ఆ నమ్మకం ఇంకెవరికీ కలగకపోవడం వల్ల కాబోలు, అప్పటికే రెండు స్కూళ్లలో డెమో క్లాసు చెప్పి ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. ఇక మిగిలింది అమలాపురంలో ఒక్క స్కూలు. అదీ పోతే మా మేనమామగారి జిరాక్స్ షాపులో కూర్చోవాలని ఇంట్లో తీర్మానమైపోయింది. ఈసారి మోడల్స్ చూపించి అదరగొట్టాలనుకున్నాను. కార్బన్‌కి ఉసిరికాయ, బంధానికి కొబ్బరీనె పుల్ల. ఆరేసి కాయలు రకరకాలుగా గుచ్చితే హెక్సేన్ ఐసోమర్లు. కాయల లెక్క ఒకటే, అల్లిక వేరు. "పచ్చడికి తెచ్చుకున్న కాయలే! చీపురు కూడా సగమైపోయిందే!" అని అమ్మ లబోదిబోమంది. ఐసోమర్లు ఐదని చదివినట్టు గుర్తే గానీ, నాకు ఆరు వచ్చాయి. (కళ్లెదుట కాయలుండగా పుస్తకమెందుకని చూడలేదు.)

స్కూలు నడిపే కరస్పాండెంటుగారు వెనక బెంచీలో కూర్చున్నారు. కొబ్బరికాయల వ్యాపారి, కెమిస్ట్రీతో పరిచయం లేదు. "క్రూడాయిల్ నుంచి ఏమేం వస్తాయి?" అని మొదలుపెట్టాను. పెట్రోలు, కిరసనాయిలు, తారు దాకా సవ్యంగానే నడిచింది. అప్పుడు రెండు జడల పిల్ల ఒకతె లేచి, "చాక్లెట్లు, సెంటుసీసాలు, దుప్పట్లండీ. మా నాన్నగారు కువైట్ ఆయిల్ కంపెనీలో చేసి తెచ్చేరండీ" అంది. క్లాసంతా గొల్లుమంది. "అది కెమిస్ట్రీ కాదమ్మా" అని పెద్దరికంగా కూర్చోబెట్టి, నా ఆరు మోడళ్లూ బల్లమీద పేర్చాను.

మళ్లీ ఆ పిల్లే లేచింది. "టీచర్‌గారండీ, రెండోదీ ఆరోదీ ఒకటేనండీ." ముందుకొచ్చి, ఆరోదాన్ని అటు చివర ఇటు వచ్చేలా తిప్పి రెండోదాని పక్కన పెట్టింది. అచ్చంగా ఒకటే. పక్కకొమ్మ ఒకదానికి ఈ చివర్నుంచి రెండో కాయ మీద, ఇంకోదానికి ఆ చివర్నుంచి రెండో కాయ మీద ఉంది. అంతే తేడా. ఆ పిల్లని గదిమేస్తే వెనకున్న పెద్దాయనకేం తెలుస్తుంది? ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమే. జిరాక్స్ మిషను పచ్చలైటు కూడా కళ్లముందు కదిలింది. కానీ ఆ పిల్ల మొహంలో సంబరం చూశాక నోరు రాలేదు. "నువ్వే కరెక్టమ్మా. తప్పు నాదే" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

కరస్పాండెంటుగారు తాపీగా లేచారు. "ఆయ్, ఉజ్జోగం ఆ పాపకే ఇద్దుమండీ, వయసు చాల్లేదు. సోమారం నుంచి మీరొచ్చెయ్యండి."

అదే స్కూల్లో ఇప్పటికీ చెబుతున్నాను. చాక్లెట్లన్నవాళ్లకీ అర మార్కు వేస్తాను. ఉసిరికాయల కాలంలో ఆరో హెక్సేన్‌ని కావాలనే గుచ్చి తీసుకెళ్తాను. ఎవరో ఒకరు లేచి దాన్ని తిప్పిపెట్టేదాకా, బల్లపక్కన ఆనాటి నేను చెమటలు కక్కుతూ నిలబడే ఉంటుంది. దగ్గరికెళ్లి, "భయపడకే పిచ్చిదానా, ఉద్యోగం వచ్చేసింది" అని చెప్పాలనిపిస్తుంది.