సగం నింపిన డీజిల్ టాంకీ

శుక్రవారం, పొద్దున పదీ పావు. గడియారం చూడటం కూడా అప్పటికి నాకు రాదు, ఫోర్‌మన్ తర్వాత ముదీర్‌కు, అంటే మేనేజరుకు, చెప్తుంటే విన్నాను, అట్లా చెవిలో ఉండిపోయింది. ఇన్నేళ్ళకు దాన్ని ఎందుకు తవ్వుతున్నానంటే, మొన్న మా సందు చివర వెల్డింగ్ దుకాణపాయన ఒక పాత డీజిల్ డ్రమ్మును రోడ్డు మీదికి దొర్లించి గ్యాస్ కట్టర్ అంటించబోతుంటే నేను చేతికర్ర పారేసి పోయి సిలిండర్ కట్టేశాను. ఖాళీదే కదా పెద్దాయనా అన్నాడు. నిండుది కాదు నాయనా, ఖాళీదే చంపుతుంది, లోపల మిగిలిన మడ్డి మంట తగిలితే ఆవిరై పేలుతుంది అని చెప్పి ఇంటికొచ్చాను గానీ, అన్నం సయించలేదు.

మనం దుబాయ్ అని అంటాం గానీ మేమున్నది అబుదాబి దిక్కు, ఇప్పుడు బనియాస్ అంటున్న వైపు, ఇసుకలో రేకుల క్యాంపు. డెబ్బైల చివరి రోజులు. నన్ను తీసుకపోయినవాడు మా బావ, మా అక్క పెనిమిటి. గ్యాస్ కట్టింగులో చేయి తిరిగినవాడు. నోరు మాత్రం ఊరుకోదు, నేను నడిచినా వెక్కిరింతే, తిన్నా వెక్కిరింతే, బామ్మర్దిని వెక్కిరించకపోతే ఆయనకు పూట గడవదు. నేను చదువు లేనివాణ్ణి, చెప్పింది మోసేవాణ్ణి. ఆయన వెనక నడవటమే నాకు తెలిసిన పని.

క్యాంపుకు కరెంటు జనరేటర్‌దే. దానికి డీజిల్ పోసే ఇనుప టాంకీ తుప్పుపట్టి కారుతుండేది, కారినచోటల్లా బట్టల సబ్బు రుద్ది నెట్టుకొచ్చాం. చివరికి కొత్తది వచ్చింది. పాతదాన్ని తీద్దామంటే దాని చుట్టూ, కారినా బయటికి పోకుండా, ఎవరో తర్వాత గోడ కట్టి ఉన్నారు. క్రేన్ దొరకదు. కోసి రెండు ముక్కలు చేసి మోసుకపోవాల్సిందే. జుమ్మా నమాజు వేళకు ఖలాస్ కావాలని ముదీర్ మాట, ఎందుకంటే జనరేటర్ ఆపితే ఎనభై మందికి ఫ్యాన్లు లేవు, ఆ రేకుల కింద మనిషి రొట్టెలా కాలుతాడు.

బావకు ఒక పద్ధతి ఉండేది. టాంకీ అడుగు మడ్డి తోడించి, గుడ్డతో తుడిపించి, మూతిదాకా నీళ్ళు పోయించేవాడు. పైన గాలి ఉండటానికి జాగా లేకుండా నిండాకనే మంట ముట్టించేవాడు. ఆనాడు నీళ్ళు పోసే పని నాది.

ఇప్పుడు నీళ్ళ సంగతి చెప్పాలి. మంచినీళ్ళ లారీ మూడు రోజులకొకసారి వచ్చేది, ఆ వారం అదీ రాలేదు, శుక్రవారం పొద్దునే వచ్చింది. వారమంతా సిమెంటు, చెమట. అందరూ తువ్వాళ్ళు భుజాన వేసుకొని తొట్టికాడ నిలబడి ఉన్నారు. మాది మెట్ట ఊరు, పశువుల తొట్టిలో నీళ్ళు తొణికితే మా నాయన వీపు మీద వేసేవాడు. అటువంటి చోట పుట్టినవాణ్ణి, ఎడారిలో నిలబడి, డీజిల్ కంపు కొట్టే టాంకీలో తాగేనీళ్ళు పోసి, మధ్యాహ్నానికి ఇసుక పాలు చెయ్యాలంటే నా పానం ఒప్పలేదు. సగందాకా పోశాను. అడుగు మునిగింది, ఇంక అంటుకునేదేముంది అనుకున్నాను. లారీ గొట్టం తిప్పి, టాంకీకి పోయాల్సిన మిగతా నీళ్ళు తొట్టిలో వదిలాను. మావాళ్ళు ఈలలేశారు.

బావ గోడెక్కి, కట్టర్ చేత పట్టుకొని అడిగాడు.

“నిండిందారా బామ్మర్దీ, లేకుంటే మీ అక్క పోసే చాయ లెక్క సగమేనా?”

“నిండింది బావా. నమ్మకం లేకుంటే మూతికాడ చెయ్యి పెట్టి చూడు.”

“నువ్వు పోసినంక నేను చూసుడేంది, తియ్ పక్కకు.”

చూడలేదు. నేను బకెట్ పట్టుకొని తొట్టికాడికి పోయాను. చప్పుడు వినబడ్డట్టు కూడా నాకు గుర్తు లేదు, తొట్టిలో నీళ్ళు కదలటం చూశాను, తిరిగి చూసేసరికి గోడ మీద మనిషి లేడు.

పికప్‌లో వేసుకొని పోతుంటే ఫోర్‌మన్ అడిగాడు, నీళ్ళు నింపారా అని. నేను బావ తల ఒళ్ళో పెట్టుకొని ఉన్నాను. నోరు తెరిచాను కూడా. బావే అన్నాడు, “మైనే నహీ దేఖా, మేరీ గల్తీ”, నేను చూసుకోలేదు, తప్పు నాదే అని నా వైపు చూశాడు. కోపంగా చూశాడా, ఇంకో తీరుగా చూశాడా అంటే చెప్పలేను, కనురెప్పలు కాలిన మనిషి చూపులో ఏం తెలుస్తుంది. దవాఖానాలో కోస్తా దిక్కు నర్సమ్మ ఒకామె తెలుగులో మాట్లాడి తడిగుడ్డ పెట్టింది. మూడో నాడు పోయాడు. చూసుకోకుండా కోసినందుకు అయిందని కాగితం రాశారు, సాక్షిగా నా వేలిముద్ర తీసుకున్నారు.

అక్క ఆయన కోసం ఏడ్చిన దానికంటే ఆయనను తిట్టిందే ఎక్కువ. కోసేటోడు చూసుకోవద్దా, అంత నిర్లక్ష్యమా అని. కొడుకు ఏదన్నా కింద పడేస్తే, మీ నాయన లెక్క తయారైతున్నవు అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ నేను చెప్పాలనుకున్నాను, ఒక్కసారీ చెప్పలేదు. యాభై దాటాక రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నది అందుకే, నోటితో రానిది రాసి ఇద్దామని. రాయటం వచ్చినాక గానీ నా గాడిద బుర్రకు తట్టలేదు, అక్కకు చదువు రాదు, రాసింది ఆమెకు చదివి వినిపించేవాడు ఆ కొడుకే అవుతాడు. కాగితం పొయ్యిలో పెట్టాను. అక్క పోయి రెండేళ్ళయింది. మొగణ్ణి తిట్టుకుంటూనే పోయింది.

ఇప్పుడు అక్కడ టాంకీలో గాలిని పరీక్షించే మిషన్లు వచ్చాయట, సంతకాల కాగితం లేనిది మంట ముట్టించరట. ఆ ఇసుకలో రోడ్డు నడుమ పూలచెట్లకు పొద్దుమాపు నీళ్ళు పెడుతున్నారని పోయివచ్చినవాళ్ళు చెప్తే విన్నాను. సంతోషమే, మాకు ఒక్క టాంకీ నీళ్ళు చాలేవి ఆనాడు. నా వయసువాళ్ళు మీలో ఎంతమంది ఇటువంటివి లోపల పెట్టుకొని తిరుగుతున్నారో నాకు తెలియదు. చెప్పితే తేలికవుతుందంటారు, రాశాను, ఏం తేలిక కాలేదు.

ఆనాడు అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. గోడ మీద మా బావ. కొత్త టాంకీ పెట్టే దిమ్మెలకు మట్టం చూస్తున్న మలబారు ఫోర్‌మన్. జనరేటర్ నడిపే పఠాన్. నీళ్ళ లారీ డ్రైవర్. వంట చేసే మా పక్కూరి పెద్దమనిషి. తొట్టి చుట్టూ ఒంటికి సబ్బు పట్టించుకుంటున్న మా జిల్లావాళ్ళు పదిమందో పన్నెండుమందో. నేను. ఇన్ని నీళ్ళు ఎక్కడివిరా అని ఆ తొట్టికాడ ఒక్కరూ నన్ను అడగలేదు, ఆనాడు కాదు, ఆ తర్వాతా కాదు.