తొణకని క్యాన్

లాన్స్ నాయక్‌గా ఆ పోస్టుకు చలికాలం మొదట్లో చేరాను. ఎత్తు పదమూడు వేల అడుగులు. రాత్రి మైనస్ పద్దెనిమిది. గౌలిపురలో పాలు పోసే ఇంట్లో పుట్టినవాణ్ణి, అంతకుముందు నాకు తెలిసిన చలి ఫ్రిజ్జు చలే.

డ్యూటీ ఇది. ముగ్గురి టోలీ. రాత్రి ఎనిమిదికి బయల్దేరి తొమ్మిది గంటలు నడవాలి. మోకాలి లోతు నది దాటి, ఉదయం ఐదుకల్లా అవతలి ఒడ్డున ఉన్న చిన్న గుహ చేరాలి. పగలంతా అక్కడి నుంచి కనుమ మీద నిఘా పెట్టి, చీకటి పడ్డాక వెనక్కి రావాలి. పగలు నడవడం నిషేధం. ఎండకు మంచు కరిగి వాలు మీంచి రాళ్ళు దొర్లుతాయి.

గుహలో ఒక స్టౌ, ఒక ఇనుప క్యాన్. పైన రెండు గంటల ఎక్కుడులో కిరోసిన్ నిల్వ. వెళ్ళిపోయే టోలీ సాయంత్రం అక్కడికెక్కి, రాబోయేవాళ్ళ కోసం క్యాన్ నింపి పెట్టాలి. ఇది ఎక్కడా రాసిన ఆర్డర్ కాదు. ఆ నమ్మకం మీదే ఎవరమూ కిరోసిన్ మోసుకుపోయేవాళ్ళం కాదు.

ఒకసారి మాకు ముందు హవల్దార్ టోలీ వెళ్ళింది. ఆయన మన తెలంగాణ మనిషే. తిరుగుదారిలో ఎదురుపడి నా భుజం తట్టాడు.

“క్యాన్ నిండ పెట్టిన తమ్మీ. ఫికర్ చెయ్యకు.”

నది దాటేటప్పుడు మా తాడు జారింది. నీళ్ళలో చేతులు ముంచి దాన్ని పట్టుకున్నవాడు మా రేడియో ఆపరేటర్. సైదాబాద్ మనిషి, నా జిగ్రీ దోస్తు. అతని గ్లవ్స్ తడిసి గడ్డకట్టాయి. గుహలోకి రాగానే క్యాన్ చూడడం నా పని. ఎత్తి ఊపాను. బరువుగా ఉంది, తొణకలేదు. మా ఇంట్లో పాల క్యాన్ నిండిందీ లేనిదీ మూత తీయకుండా ఇలాగే చూస్తాం. నిండుకుండ తొణకదు కదా! “క్యాన్ నిండుగున్నది” అని కంపెనీకి రేడియోలో చెప్పేశాను కూడా.

మూత తీస్తే మంచుగడ్డ. నది నీళ్ళు.

పగలు నిల్వకు ఎక్కే వీల్లేదు. పదిహేను గంటలు అలాగే ఉన్నాం. అతని చేతులు నా చంకల్లో పెట్టుకున్నాను. “ఏం గాదులే భాయ్,” అన్నాడు. ఆసుపత్రిలో కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు.

విచారణలో హవల్దార్ కన్నార్పకుండా చెప్పాడు: “నేను నింపే పెట్టిన సాబ్. నిండుగున్నదని రేడియోల ఆయననే చెప్పిండు గదా.”

నా మాటతోనే నా నోరు మూయించాడు. పాలల్లో నీళ్ళు కలిపేవాణ్ణి మా బాపు వాకిట్లోకి రానిచ్చేవాడు కాదు. నేను ఆయన కొడుకును. పగతోనే లేచాను, పగతోనే పడుకున్నాను.

ఆరు వారాలకు వంతు తిరిగింది. ఈసారి మా తర్వాత హవల్దార్ టోలీ. నిల్వకు నేనొక్కణ్ణే ఎక్కాను. కిరోసిన్ వేరే డబ్బాలో తెచ్చి, గుహ మూతి దగ్గర గాలికి అడ్డంగా నిలబెట్టిన రాతిపలక వెనక పెట్టి మంచు కప్పాను. క్యాన్‌లో నది నీళ్ళు పోశాను. తప్పు ఒప్పుకుంటే చోటు చెప్తాను. అదే నా ఆలోచన.

వాళ్ళు గుహ చేరే రోజు ఉదయం ఐదూ ఇరవైకి మా పోస్టులో రేడియో పలికింది, హవల్దార్ గొంతు. సెట్టు దగ్గర ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన ఆపరేటర్, పక్కన నేను.

“క్యాన్ల గడ్డ ఉన్నది! మనోళ్ళు తడిసిన్రు!”

సెట్టు లాక్కున్నాను. “ఆనాడు మీరు పెట్టినట్లే పెట్టిన సాబ్. ఆనాడు ఏం పోసిన్రో చెప్పున్రి. కంపెనీ మొత్తం ఇంటున్నది.”

గరగరల్లోంచి ఆయన గొంతు: “నీళ్ళే. నేనే పోసిన. మంచు పడుతుండె, ఎక్కబుద్ధి కాలే. తప్పయింది తమ్మీ.”

నా కడుపు చల్లబడింది. చోటు అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. మళ్ళీ అనమన్నాను. ఇంకోసారి అనమన్నాను. ఎంత తియ్యగా ఉందో ఆ మాట! ఆపరేటర్ మిగిలిన మూడు వేళ్ళతో నా మణికట్టు పట్టుకున్నాడు.

“నా వేళ్ళ పేరు జెప్పి గిదేంది? ముందుగాల జాగ చెప్పు!”

చెప్పాను. అప్పటికే సెట్టు మూగబోయింది. చలికి అవతలి బ్యాటరీ చచ్చింది.

ఆర్డర్ కోసం ఆగలేదు. పగలే బయల్దేరాం, ఆపరేటరూ నేనూ. రాళ్ళు దొర్లుతూనే ఉన్నాయి. మూడింటికి గుహ చేరాం.

సిపాయిలిద్దరూ బతికే ఉన్నారు. లోపల ఒకరినొకరు కరుచుకుని, హవల్దార్ కోటు కింద. ఆయన మాత్రం మూతి దగ్గర, పలక మూయని సందుకు అడ్డంగా కూర్చున్నాడు, ఆ రాతిపలకకే వీపు ఆనించి. వేళ్ళు నల్లబడ్డాయి. ఆయన వీపుకూ నా డబ్బాకూ మధ్య జానెడు రాయి.

అంతా నేనే కంపెనీకి చెప్పాను. నాకూ హవల్దార్‌కూ శిక్ష పడింది. ఆయనకు మూడు వేళ్ళు పోయాయి.

ఇప్పుడు గౌలిపురలో పొద్దున్నే అన్నతో కలిసి క్యాన్లు బండికి కడతాను. ప్రతి మూతా తీసి చూస్తాను. “మనింటి పాలే గదరా, ఏం జూస్తవ్?” అని అన్న నవ్వుతాడు. పగ తీరిందా అని ఆపరేటర్ ఒకసారి ఫోన్లో అడిగాడు. తీరిందన్నాను. అది నిజమే, అందుకే సిగ్గు.

ఆ రోజు గుహలో డబ్బా తీద్దామని హవల్దార్ భుజం పట్టుకుని పక్కకు జరపబోయాను. ఆయన కదల్లేదు. నేనెందుకు జరుపుతున్నానో ఆయనకు తెలియదు.

“ఆగు తమ్మీ,” అన్నాడు. “నేను జరిగితే మనోళ్ళకు గాలి తగుల్తది.”