సరంగు అనని మాట

“ఎవరో కన్న బిడ్డకి నువ్వెందుకే ముక్కు తుడవడం?” పెద్దావిడ గొంతు మెట్లదాకా వినబడుతోంది.

“కన్నవాళ్ళు నడిమధ్యలో వదిలేసి పోయారక్కా. ఎవరో ఒకరు తుడవాలిగా.”

“తుడిచి ఏం బావుకున్నావ్? నలుగురూ ఛీ కొట్టారు!”

“నిజమే. కథలో ఆ మాట చెప్పిన గుర్తు కూడా లేదు నాకు. కళ్ళయిపోయాయి, ఇక బుర్ర వంతు కాబోలు.”

గడప దగ్గర జెరాక్స్ కొట్టు కుర్రాడి కాళ్ళు ఆగిపోయాయి. కాలేజీ రెండో ఏట మానేసినవాడు, నోటికి అడ్డూ ఆపూ లేనివాడు. ఆ మాట తనదేనని చెప్పడానికే వచ్చాడు.

పెద్దావిడ చెల్లెలిది రఫూ పని. బట్టలుతికే కంపెనీ వెనక గదిలో ఇరవై రెండేళ్ళు చిరుగులు పూడ్చింది. అదే బట్ట లోపలి మడతలోంచి పోగు లాగి కన్నం మీద అల్లేది, బయటి దారం ముట్టేది కాదు. తీరికలో ఒక వారపత్రిక సీరియల్ చదివేది. అందులో పడవ నడిపే సరంగు నూటపన్నెండు వారాలు నడిచి, పత్రిక మూతపడటంతో నది మధ్యలో ఆగిపోయాడు. అక్కడినుంచి కథను ఆవిడే అందుకుంది.

ఇంటర్నెట్‌లో పెడితే మొదట్లో అరువు కథని నవ్వారు. ఆవిడ పట్టు వదల్లేదు. సరంగుకి ఎడమ చెవి వినపడదని ఏడో వారంలో ఉంటే, ఆవిడ కథలో అందరూ అతని కుడిపక్కకి వచ్చే మాట్లాడేవారు. మూడేళ్ళకి ఓ నలభైమంది పాఠకులు కుదురుకున్నారు. ఈలోగా చూపు మసకబారింది. ఆవిడ చెబుతుంటే కుర్రాడు టైపు చేసేవాడు. దేన్నీ ఓ పట్టాన మెచ్చని మాస్టారొకాయన, “రాసేది వేరేవాళ్ళన్న సంగతే మరిచిపోయాను” అని రాసిన రోజున దాన్ని నాలుగుసార్లు చదివించుకుంది.

పోయిన వారం భాగం కుర్రాడికి చప్పగా తోచింది. తమ్ముడి శవం ముందు సరంగు ఊరికే తాడు చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఇదేం ఏడుపని, “నన్ను క్షమించరా” అన్న మాట అతని నోట్లో పెట్టాడు. పాత కథ తను ఒక్క వారమైనా చదివితేగా! అందులో సరంగు ఎవరినీ క్షమించమనలేదు. “సరంగు ఎవరో తెలియనివాళ్ళు అతని గురించి రాయకూడదు. సెలవు,” అని రాసి మాస్టారు వెళ్ళిపోయాడు. వెనకే తక్కినవాళ్ళూ.

“ఆ మాట నేను కలిపిందే అక్కా,” అన్నాడు కుర్రాడు గడప దాటి.

“అయితే నీ బుర్ర బాగానే ఉందే,” అంది పెద్దావిడ చెల్లెలితో. “వీడికే లేదు.”

చెల్లెలు నవ్వలేదు. అతని గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

“తీసేస్తాను. తప్పు నాదని రాస్తాను.”

“చదివేసినవాళ్ళ మనసులోంచి ఎలా తీస్తావ్?” తడుముకుంటూ మంచం కిందనుంచి పెట్టె లాగింది. నిండా పసుపుబారిన పత్రిక కాగితాలు. “తమ్ముడి దగ్గర అంత మొండివాడు తల వంచాడంటే ఏదో కారణం ఉండాలి. ఉంటే ఇందులోనే ఉంటుంది. మొదటి వారంనుంచి చదివి వినిపించు. ఒక్కటే అడుగుతున్నా తమ్ముడూ, నీ మాట కలిపినా నాకు కనబడదు. కలపకు.”