మూడోసారి మాస్టారు

ఏ సంగతైనా మూడుసార్లు జరిగితేనే జరిగినట్టు లెక్క అని నమ్మే మనిషి ఆయన. ఒకసారి జరిగింది పొరపాటు కావచ్చు. రెండోసారి జరిగింది ఆ పొరపాటుకు తోబుట్టువు కావచ్చు. మూడోసారీ అలాగే జరిగితే, అప్పుడు చూద్దాం అంటాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో భద్రంగా ఉంది. గేటు దగ్గరి వాచ్‌మన్ మొదలు పై అంతస్తులోని డైరెక్టరు దాకా అందరికీ ఆయన మూడోసారి మాస్టారే.

టీ కప్పు అందుకుంటే మొదటి గుక్కలో వేడి తెలుస్తుందట, రెండో గుక్కలో తీపి తెలుస్తుందట, మూడో గుక్క నుంచే టీ మొదలట. సాయంత్రం ల్యాబుకు తాళం వేసి, లాగి చూసి, పది అడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ లాగేవాడు. ఆయన మూడోసారి లాగేసరికి అటెండరు బస్సెక్కి ఇంటికి చేరి కాళ్ళు కడుక్కునేవాడు. జోకు చెబితే మూడోసారికి గానీ నవ్వడు. నవ్వితే మాత్రం కిటికీ అద్దాలు గడగడలాడేవి.

"పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు, మొదటిసారే సరేనన్నాను" అని ఆయన భార్య ల్యాబు వాళ్ళకు చెప్పేది. "మళ్ళీ అడిగాడు. చెవుడేమో పాపం అనుకుని గట్టిగా చెప్పాను. మూడోసారి అడిగేసరికి మా నాన్న లోపలి గదిలోంచి కేకేశాడు, ఇచ్చేశాం నాయనా, తీసుకెళ్ళు అని."

ఆయన ఏలే రాజ్యం రెండు గదులు. పైకప్పులో ఒక మూల ఏనుగు ఆకారంలో చెమ్మ మరక. తలుపు సరిగ్గా పడక పాత బెల్టుతో బిగించిన ఓవెన్. గోడల నిండా అలమరాలు, వాటి నిండా గాజు జాడీలు, ఒక్కో జాడీలో ఒక్కో రకం అడవి గింజ. మూడువందల పన్నెండు రకాలు. ఆ రెండు గదుల్లోంచి బయటికెళ్ళిన అంకెను ముప్ఫై ఏళ్ళలో ఎవరూ తప్పని నిరూపించలేకపోయారు. అందుకే నాలుగు దేశాల ల్యాబులు ఒక్కటై పెద్ద పని తలపెట్టినప్పుడు, అద్దాల మేడల్లో ఉన్న మూడు ల్యాబుల పక్కన ఈ చెమ్మ మరక ల్యాబుకు కూడా చోటు దొరికింది.

పని ఇది. అడవుల్లో రాలి మట్టిలో కలిసిపోయే గింజల్లోంచి బండ్లు నడిపే నూనె తీయవచ్చా? నూనె తీశాక మిగిలిన పిండిలో పంటకు పురుగు పట్టకుండా కాపాడే మందేదైనా ఉందా? ఎవరి అడవిలోని గింజలు వాళ్ళు పరీక్షించి, అందరి లెక్కలూ ఒకచోట కలపాలి. అందరి త్రాసులూ ఒకే మాట చెబుతాయో లేదో ముందు తేలాలి కదా. ఒకే సంచిలోని గింజల పొడిని నాలుగు ల్యాబులకూ పంచారు. అందులో నూనె ఎంత శాతమో ఎవరికి వాళ్ళు తేల్చి పంపాలి. అర శాతం కంటే ఎక్కువ తేడా వచ్చిన ల్యాబు తరువాతి దశలో ఉండదు.

ఆ తరువాతి దశ మీద ఈ ల్యాబులో అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది కొత్తమ్మాయి. చేరి రెండేళ్ళయినా, ఆమె తరువాత ఎవరూ చేరలేదు కాబట్టి ఇంకా కొత్తమ్మాయే. పిండిలోని మందును విడదీసే పద్ధతి నేర్చుకోవడానికి ఆమె ఆరు నెలలు పరదేశపు ల్యాబుకు వెళ్ళాలి. పేరు జాబితాలో ఎక్కింది. అమ్మ అప్పుడే పెట్టె దులిపి ఎండలో పెట్టింది.

పరీక్ష వారంలో మూడోసారి మాస్టారు ఊళ్ళో లేడు. కూతురి కాన్పుకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి లెక్క పంపాల్సిన గడువు గంటలోకి వచ్చింది. అప్పటికే మూడు కేజీల రెండువందల గ్రాముల మనవరాలిని నర్సు చేత మూడుసార్లు తూయించి, ఆ ఆనందంలో తేలుతూ వచ్చిన మనిషి. కొత్తమ్మాయి చూపించిన పేజీని జీవితంలో మొదటిసారి ఒక్కసారే చదివి సంతకం పెట్టేశాడు. మూడు ఫ్లాస్కులు, మూడు లెక్కలు, మూడూ ముప్ఫై ఆరు పైన. చక్కగా కలిశాయి.

ఫలితాలు విప్పే రోజు గోడ మీది తెరలో మూడు దేశాల మొహాలు కనిపించాయి. అంకెలు చదివింది ఈ నాలుగు ల్యాబుల జట్టుకు పెద్దగా ఉన్న పరదేశపు శాస్త్రవేత్త, ఒక పెద్దావిడ. మిగతా ముగ్గురిదీ ముప్ఫై అయిదు, అటూ ఇటూగా. వీళ్ళది ముప్ఫై ఆరూ పాయింట్ రెండు.

డైరెక్టరు చప్పున మైకు నొక్కి ఆపాడు.

"ఎవరు చేశారు?"

ఆయన ఊతపదం అది. బల్బు మాడినా, కొళాయి కారినా, కారిడార్లో తడి ఉన్నా ఆయన మొదటి మాట "ఎవరు?" అనే. బల్బు సంగతి ఆ తరువాత.

మూడోసారి మాస్టారు చెయ్యి చాచి మైకు మళ్ళీ నొక్కాడు.

"మళ్ళీ చేద్దామండీ. నలుగురం."

తెరలో పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. "మా ముగ్గురివీ కలిశాయి కదా. మేమెందుకు చేయడం?"

"మావీ మూడు ఫ్లాస్కులూ కలిశాయండీ. కలిసినంత మాత్రాన నిజమైపోతే, మాదీ నిజమే కావాలిగా?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి నవ్వేసింది. పది రోజులు గడువిచ్చింది.

తెర ఆరిపోగానే డైరెక్టరు కారిడార్లో మాస్టారిని నిలబెట్టాడు. "పది రోజుల్లో నాకు పేరు కావాలి. ఆ పేరు పరదేశం వెళ్ళే జాబితాలో ఉండటానికి వీల్లేదు."

"చూద్దాం సార్. ముందు అంకె దొరకనీండి."

తలుపు వెనక నుంచి కొత్తమ్మాయి అంతా వింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు గానీ, ఎవరి చేతుల్లో జరిగిందో ఆమెకు తెలుసు.

మర్నాడు మాస్టారు స్వయంగా రంగంలోకి దిగాడు. ఖాళీ ఫ్లాస్కును ఓవెన్లోంచి పట్టకారుతో తీసి, తేమ పట్టని మూత జాడీలో దించి, మూత పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇప్పుడేం చేయాలి సార్?"

"చల్లారాలి. అరగంట."

కొత్తమ్మాయికి అప్పుడు వెలిగింది. వేడి ఫ్లాస్కు చుట్టూ గాలి పైకి లేస్తూ త్రాసును మోసం చేస్తుంది, ఉన్న బరువుకంటే తక్కువ చూపిస్తుంది. నూనెతో తూచిన బరువులోంచి ఖాళీ ఫ్లాస్కు బరువు తీసేస్తేనే నూనె లెక్క. ఖాళీ ఫ్లాస్కు తక్కువ తూగితే, ఆ తేడా అంతా నూనె ఖాతాలో పడుతుంది. ఆ రోజు ఆమె మూడు ఖాళీ ఫ్లాస్కుల్నీ ఒకేసారి ఓవెన్లోంచి తీసి, వేడివేడిగానే తూచేసింది. మూడుసార్లూ ఒకే తప్పు చేస్తే మూడూ కలవక ఏం చేస్తాయి?

"సార్, ఆ రోజు నేను..."

"అరగంట అయిందా?"

"ఇంకా ఇరవై నిమిషాలుంది సార్. ఆ రోజు ఫ్లాస్కులు..."

"అయితే కూర్చో. మా మనవరాలు తుమ్మిందని చెప్పానా?"

"రెండుసార్లు చెప్పారు సార్."

"అయితే ఇంకోసారి ఉంది."

చెప్పాడు కూడా. తుమ్ముతో సహా.

ఉండబట్టలేక కొత్తమ్మాయి గింజలు పొడికొట్టే గదిలోకి వెళ్ళి అటెండరు దగ్గర కూలబడింది. పాతికేళ్ళుగా ఆ ల్యాబులో ఉన్న మనిషి.

"నా వల్లే బాబాయ్. చెబుదామంటే చెప్పనివ్వడు."

"ఆయనకి తెలీదనుకుంటున్నావా తల్లీ? ఓవెన్లోంచి తీసిన టైమూ తూచిన టైమూ నువ్వే రాశావు పుస్తకంలో. మధ్యలో రెండంటే రెండు నిమిషాలు. ఆ మీటింగు అయిన సాయంత్రమే పేజీ తీసి మూడుసార్లు చూశాడు."

"మరి ఒక్క మాటన్నా అడగలేదేం?"

"ఆయన ఎప్పుడడిగాడు గనక?" అటెండరు పొడి దులుపుకున్నాడు. "తొమ్మిదేళ్ళ కిందట రెండు జాడీల గింజలు నేనే పొరపాటున కలిపి పొడికొట్టేశాను. ఏడాది పాటు ఏరుకొచ్చిన సరుకు. నా పని అయిపోయిందనుకున్నా. మళ్ళీ ఏరుకొద్దాం పద అని సంచీ భుజానేసుకున్నాడు. పదకొండు రోజులు నాతో పాటు అడవంతా తిరిగాడు. కాళ్ళు బొబ్బలెక్కాయి. ఎవరు కలిపారు అని మాత్రం అడగలా. అడిగితే చెప్పేసి తేలికపడదామని నేనూ తొమ్మిదేళ్ళుగా కాచుకునున్నా. అడిగితేనా!"

కొత్తమ్మాయికి రెండేళ్ళుగా అది చాదస్తమనే నమ్మకం. ఎవర్నీ నమ్మడు కాబట్టే అన్నీ మూడుసార్లు చేయిస్తాడని క్యాంటీన్లో తనూ నవ్వింది. ఆమె తిరిగి ల్యాబులోకి వెళ్ళి, పుస్తకాలు దించి, పాత పేజీలు తిరగేసింది. పగిలిన గాజు, మాడిన నూనె, తారుమారైన చీటీలు. ప్రతి దాని కిందా ఆయన దస్తూరీలో ఒకే మాట: మళ్ళీ చేశాం. ఎక్కడా ఎవరి పేరూ లేదు.

మూడు రోజులు, రోజుకొక ఫ్లాస్కు చొప్పున ఇద్దరూ కలిసి చేశారు. ముప్ఫై అయిదు, ముప్ఫై అయిదూ పాయింట్ ఒకటి, ముప్ఫై అయిదు.

పదో రోజు తెర మళ్ళీ వెలిగింది. మాస్టారు లేచి చెప్పాడు. "మా దగ్గర ఖాళీ ఫ్లాస్కు చల్లారకుండా తూకమైంది. ఆ పేజీ మీద సంతకం నాది. తప్పు నాది."

"సంతకం సరే, తూచింది ఎవరు?" అన్నాడు డైరెక్టరు, మైకు ఆపడం మరిచి.

కొత్తమ్మాయి లేచి నిలబడింది. "నేను సార్."

"ఎందుకంత తొందర?"

"లెక్క పంపారా, పంపారా అని ఆ ఉదయం మీరు మూడుసార్లు ఫోన్ చేశారు సార్."

మూడు దేశాలు పకపకా నవ్వాయి. డైరెక్టరు మైకు కోసం తడుముకుంటుంటే పెద్దావిడ గొంతు సవరించుకుంది. "మాదీ ఒక సంగతి ఉంది. మళ్ళీ చేస్తే మా అంకె పాయింట్ నాలుగు మారింది. మా ఓవెన్ థర్మామీటరు ఆరు డిగ్రీలు తప్పు చూపిస్తోంది, ఏడాదిగా. మీరు మళ్ళీ చేద్దాం అనకపోతే మాకు తెలిసేదే కాదు. చెప్పడానికి సిగ్గుపడుతున్నాను, ఆ అమ్మాయి లేచి చెప్పాక నేను కూర్చుంటే ఏం బాగుంటుంది?"

నాలుగు దేశాల ఉమ్మడి పద్ధతి పుస్తకంలో ఆ వారమే రెండు వాక్యాలు చేరాయి. ఓవెన్లోంచి తీసిన ఫ్లాస్కును అరగంట చల్లార్చి తూచాలి. మూడు లెక్కలు మూడు వేరు వేరు రోజుల్లో చేయాలి. ఈ రోజు ఏ దేశపు ల్యాబులోనైనా స్టూలు లాక్కుని మూత జాడీ ముందు కూర్చున్నవాళ్ళను ఏం చేస్తున్నారని అడిగితే, మాస్టారి అరగంట అంటారు. అద్దాల మేడల్లో కూడా. చెమ్మ మరక కింద కూర్చుని ఆ సంగతి విన్న రోజున ఆయన భార్య మూడుసార్లు చెప్పించుకుంది, ఈసారి ఆవిడ వంతు.

కొత్తమ్మాయి పేరు జాబితాలోనే ఉంది. ఆమె కంటే ముందు ఆమె పని చేయబోయే పిండి పెట్టె బయల్దేరాలి. అడవి సరుకు దేశం దాటాలంటే అనుమతి పత్రం ఉండాలి. ఇలాంటివి కిందివాళ్ళకు వదిలేస్తే ఎవరు చేశారో తెలియకుండా పోతుందని, డైరెక్టరు తన చేత్తో పత్రం అతికించి, తన చేత్తో ముద్ర కొట్టి పంపాడు.

నాలుగో రోజు ఆయన ల్యాబు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. లోపలికి రాలేదు. చంకలో పెట్టె ఉంది.

"విమానాశ్రయం నుంచి వెనక్కొచ్చింది" అన్నాడు, పెట్టెతో చెబుతున్నట్టు. "ఆకులు పంపడానికిచ్చిన అనుమతి పత్రం పిండి పెట్టెకి అతికించి ఉందట. మరి అది... ఎలా జరిగిందంటే..."

అటెండరు రోకలి ఆపేశాడు. మాస్టారు త్రాసు అద్దాల్లోంచి తల ఎత్తలేదు. కొత్తమ్మాయి నాలుక చివరికి ఒక చిన్న ప్రశ్న వచ్చి, అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది.

"ఫర్వాలేదు సార్, మళ్ళీ పంపుదాం" అంది, ఎదురెళ్ళి పెట్టె అందుకుంటూ. "ఎండన పడొచ్చారు, కూర్చోండి. టీ తాగుతారా?"

డైరెక్టరు కూర్చున్నాడు. ఆ గదిలో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.