రూపకం రాసి భయపడిన సాయంత్రం

మా చిన్నప్పుడు మధ్యాహ్నం క్లాసు జరుగుతుంటే పుప్పాలగూడ అవతల కొండ పేల్చే చప్పుడు ధన్‌మని వినిపించేది... బెంచీలు అదిరేవి. కొత్త ఆఫీసు బిల్డింగుల కోసం కొండలు చదును చేస్తున్న రోజులవి. మా బాపుది ఆ పనే... బండకు బెజ్జాలు వేసి, మందు దట్టించి, దూరంగా ఉరకడం.

ఏడో తరగతిలో ఓ రోజు తెలుగు టీచర్ అలంకారాలు మొదలుపెట్టారు. "లాగా, వలె అని పోలిస్తే ఉపమ. ఆ మాట కూడా లేకుండా ఇదే అది అని చెప్పేస్తే రూపకం. మీ ఇంట్లోవాళ్ల మీద ఒక రూపకం రాసి రేపు చూపించండి" అన్నారు.

నేనేమో మహా తెలివిగా అక్కడే రాసేశాను... 'మా బాపు కొండ.'

పక్కన కూర్చునే సునీత తొంగిచూసి, "కొండల్నే గదనే మీ బాపోళ్లు రోజూ పేల్చేది?" అంది.

మా నానమ్మ ఎప్పుడూ అనేది... "ఏది పడితే అది అనకుండ్రి, తథాస్తు దేవతలు తిరుగుతుంటరు" అని. నేను అనడం కూడా కాదు, ఏకంగా రాసిపెట్టాను! 'లాగా' అని ఉంటే ఆ దేవతలు కాస్త ఆలోచించేవారేమో... ఇందులో తప్పించుకునే సందే లేదు.

అంతలో పేలుడు... కాసేపటికి ఇంకొకటి. రోజూ ఒకటే ఉండేది.

దీపాలు పెట్టే వేళైనా బాపు రాలేదు. గడప దగ్గరికి పదిసార్లు పోయొచ్చాను. "వస్తడు తియ్, నీకేం ఫికరే?" అంది నానమ్మ. సంగతి చెబితే మళ్లీ అన్నట్టవుతుందని నోరు మెదపలేదు. నోట్‌బుక్ తీశాను. కొట్టేద్దామంటే, బాపు ఉన్న వాక్యం మీద గీత గీయడానికి చెయ్యి రాలేదు. 'కొండ' పక్కన 'లాగా ఉంటాడు' అని ఇరికించి రాశాను.

అప్పుడొచ్చాడు... ఒళ్లంతా దుమ్ము. మొదటిసారి మందు సగమే పేలిందట, మళ్లీ పేల్చి, పేలని మందు ఇంకెక్కడైనా మిగిలిందేమోనని వెతికేసరికి ఆలస్యమైందట. కాళ్లు చుట్టేసుకుని బోరుమన్నాను. సంగతంతా విని పకపకా నవ్వాడు.

"పిచ్చిదానా... కొండ అనే ఉండనియ్ బిడ్డా, మార్కులు పోతయ్."

"పోతే పోనీ!" అన్నాను.

పోయాయి. "ఇది ఉపమ కదమ్మా" అని టీచర్ సున్నా చుట్టారు. తర్వాత చాలా రోజులు ఆ చప్పుడు వినబడితే చాలు, రాస్తున్న చెయ్యి ఆగిపోయేది... బాపు ఇంటికొచ్చేదాకా నాకు అన్నం సయించేది కాదు.

ఇప్పుడు మా అమ్మాయికి అలంకారాల ఉదాహరణలు గైడులోనే అచ్చేసి ఇస్తున్నారు. పది నిమిషాల్లో బట్టీ పట్టేస్తుంది... మార్కులన్నీ వస్తాయి.

ఇంట్లోవాళ్ల గురించి ఒక మాట రాసి, భయపడి దిద్దుకున్న రోజు మీకూ ఉందా? ఉంటే కింద రాయండి... మా అమ్మాయికి చదివి వినిపిస్తాను. పాపం, దానికి ఎవరి కోసమూ భయపడకుండానే పాఠం వచ్చేసింది.